ఉలవలు పట్టిచ్చిన చక్కెర

పోయిన నెలలో మా మనవరాలు వృక్షశాస్త్రం జవాబు పత్రం తెచ్చి నా ముందు పెట్టింది. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం, బైపీసీ. కణత్వచం, అంటే కణాన్ని చుట్టి ఉండే పొర, బొమ్మ వేయమని ప్రశ్న. శ్రద్ధగానే వేసింది. రెండు వరుసల గుండ్రటి లిపిడ్ (కొవ్వు) తలలు, తలకు రెండేసి తోకలు, వాటి మధ్య అక్కడక్కడా బంగాళాదుంపల్లాంటి ప్రోటీన్లు. ఆ ప్రోటీన్ల నుంచి పైకి నాలుగు, కిందికి మూడు చిన్న కొమ్మలు. ఆ కొమ్మలు చక్కెర గొలుసులు. కింది మూడు కొమ్మల మీద ఎర్ర సిరాతో అడ్డగీత పడింది. ఒక మార్కు పోయింది.

"మార్కు పోతే పోయింది అమ్మమ్మా. కింద ఎందుకు ఉండకూడదు అని అడిగితే, బొమ్మ ఉన్నది ఉన్నట్టు గుర్తుపెట్టుకో అన్నారు" అంది.

నాకు ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. నేను హన్మకొండలో ఒక రక్తనిధిలో 31 ఏళ్లు టెక్నీషియన్‌గా పనిచేశాను. ఆ చక్కెర కొమ్మలే నా ఉద్యోగం. ప్రతి రోజూ పొద్దున్నే గాజు గొట్టాల్లో వాటినే తడిమి చూశాను. అవి ఒక్క వైపే ఉండబట్టే రక్తం గ్రూపు అనేది ఒకటి మనకు తెలిసింది. అంత పెద్ద సంగతిని ఒక్క అడ్డగీతతో సరిపెట్టడం నాకు బాధ కలిగించింది. అందుకే తర్వాతి నాలుగు ఆదివారాలు ఆమెతో కూర్చున్నాను. ఆ మాటలనే ఇక్కడ రాస్తున్నాను.

మొదట ఆమెను మా పుట్టింటికి తీసుకెళ్లాను. మాది వరంగల్ కొత్తవాడ. మా నాన్న దర్రీలు నేసేవారు. తాతది తివాచీల పని. తాత చేతి తివాచీ ముక్క ఒకటి, నాన్న నేసిన దర్రీ ఒకటి మా తమ్ముడి ఇంట్లో ఇప్పటికీ ఉన్నాయి. రెండింటినీ నేల మీద పక్కపక్కనే పరిచి, తిరగేసి చూడమన్నాను. దర్రీ తిరగేస్తే అదే రంగు, అదే నమూనా. పడుగును పేక కప్పేస్తుంది కాబట్టి ఏ వైపు పరచుకున్నా ఒకటే. తివాచీ అలా కాదు. పడుగు పోగుల చుట్టూ ఉన్ని ముడి వేసి, కొసలు పై వైపుకే లాగి కత్తిరిస్తారు. అడుగున ముడుల వెన్ను కనిపిస్తుందే గాని కుచ్చు ఒక్కటి ఉండదు.

"కణత్వచాన్ని నువ్వు దర్రీ అనుకున్నావు బిడ్డా. అది తివాచీ" అన్నాను.

ఆమె వెంటనే ఒప్పుకోలేదు. "తివాచీకి ముడి వేసేది మనిషి. ఏ వైపు లాగాలో ఆయనకు తెలుసు. కణానికి ఎవరు చెప్పారు?" అంది. అసలు ప్రశ్న అదే. దాని దగ్గరికి వెళ్లేముందు, కుచ్చులు పైకే ఉన్నాయని నేను కళ్లారా చూసిన రాత్రి గురించి చెప్పాలి.

అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఏడెనిమిదేళ్లయి ఉంటుంది. పరకాల వైపు నుంచి ఒక బాలింతను తెచ్చారు. కాన్పు తర్వాత రక్తస్రావం ఆగడం లేదు. గ్రూపు చూశాను. ఆమె కణాలు యాంటీ-ఎ ద్రవంలో గడ్డకట్టాయి, యాంటీ-బిలో కట్టలేదు. అంటే ఎ గ్రూపు. నియమం ప్రకారం రెండో వైపు నుంచి కూడా చూడాలి. ఆమె సీరాన్ని, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేరే ద్రవాన్ని, తెలిసిన ఎ కణాలతో, బి కణాలతో కలిపి చూస్తాం. ఎ గ్రూపు మనిషి సీరం బి కణాలనే గడ్డకట్టించాలి. ఆమె సీరం ఎ కణాలను కూడా, సన్నగానే అయినా, గడ్డకట్టించింది. గొట్టాల మీద పేర్లు మారాయేమోనని కొత్తగా రక్తం తీయించి మళ్లీ చేశాను. అదే ఫలితం. ఒకే మనిషి రక్తం తాను ఎ అంటోంది, ఎ కణాలు నాకు పడవు అని కూడా అంటోంది.

ఆ రాత్రికి ఓ గ్రూపు ఎర్ర కణాలు క్రాస్ మ్యాచ్ చేసి, అంటే ఆమె సీరంతో కలిపి పడతాయని చూసి, ఇచ్చాం. ఆమె నిలబడింది. ఎ గ్రూపులో ముఖ్యంగా ఎ1, ఎ2 అని రెండు ఉపరకాలు ఉంటాయి. మర్నాడు మా పెద్దాయన గొట్టాలు చూసి, "ఈమె ఎ2 అయి ఉండాలి. యాంటీ-ఎ1 లెక్టిన్ సీసా తీయండి" అన్నారు. ఆ రెండింటినీ వేరుచేసి చూపే ద్రవం అది. సీసా ఖాళీ. హైదరాబాద్ నుంచి రావడానికి వారం పడుతుంది. ఆయన క్షణం ఆలోచించి, "ఎవరైనా బజారుకు వెళ్లి పావు కిలో ఉలవలు తెండి" అన్నారు.

నేను ఆ మాటను ఎప్పటికీ మరచిపోను. ఇంట్లో గుగ్గిళ్లు చేసుకునే ఉలవలు. వాటిని దంచి, పొడిని సెలైన్‌లో కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో నానబెట్టాం. మర్నాడు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి పైన తేరుకున్న రసం తీశాం. చిక్కటి రసం ఎ1ని, ఎ2ని రెండింటినీ గడ్డకట్టిస్తుంది. అందుకే సెలైన్‌తో మెల్లగా పలుచన చేస్తూ, తెలిసిన ఎ1 కణాలు గట్టిగా గడ్డకట్టి, తెలిసిన ఎ2 కణాలు చలించని చోట ఆపాలి. తర్వాత ఆ బాలింత కణాల మీద వేశాం. గొట్టాన్ని వెలుతురుకు పట్టి మెల్లగా తట్టాను. అడుగున ఉన్న ఎర్రటి బొట్టు పొగలా విడిపోయి ఏకంగా కలిసిపోయింది. ఒక్క రేణువు కూడా గడ్డకట్టలేదు. పక్క గొట్టంలో ఎ1 కణాలు ఇటుక పెళ్లలా నిలిచి ఉన్నాయి. ఆమె ఎ2. ఆమె సీరంలో ఎ1 కణాలను పట్టుకునే యాంటీబాడీ, యాంటీ-ఎ1, ఉంది.

ఉలవల్లోని ఈ గుణాన్ని 1951లో పుణెలో పనిచేస్తున్న సైనిక వైద్యుడు జార్జ్ బర్డ్ కనిపెట్టారు. అంతకు చాలా ముందే, 1888లో, నేటి ఎస్తోనియాలోని టార్టు విశ్వవిద్యాలయంలో స్టిల్‌మార్క్ ఆముదం గింజల రసం ఎర్ర కణాలను గడ్డకట్టిస్తుందని చూశాడు. ఇటువంటి గింజల ప్రోటీన్లనే లెక్టిన్లు అంటారు. ఒక్కో లెక్టిన్ ఒక్కో రకం చక్కెరనే పట్టుకుంటుంది. ఉలవ లెక్టిన్ పట్టుకునేది ఎన్-అసిటైల్ గాలక్టోజమీన్ అనే చక్కెరను, అది గొలుసు చివర ఉన్నప్పుడు. ఆ లెక్టిన్‌కు ఒకటి కంటే ఎక్కువ చేతులు ఉంటాయి. ఒక చేత్తో ఒక కణాన్ని, ఇంకో చేత్తో పక్క కణాన్ని పట్టుకుంటే గడ్డ కడుతుంది.

ఎ గ్రూపు అంటే అదే. అందరి గొలుసుల చివరా ముందుగా ఫ్యూకోజ్ అనే చక్కెర చేరి హెచ్ అనే కొస తయారవుతుంది. దానికి ఎన్-అసిటైల్ గాలక్టోజమీన్ తగిలిస్తే ఎ, గాలక్టోజ్ తగిలిస్తే బి, ఏమీ తగిలించకపోతే ఓ. బొంబాయి గ్రూపు వాళ్లకు ఆ హెచ్ కొస కూడా ఉండదు. 1952లో ముంబైలోనే దాన్ని గుర్తించారు కాబట్టి ఆ పేరు. ఎ1 మనిషి ఎర్ర కణం మీద ఎ కొసలు సుమారు 10 లక్షలు ఉంటాయి. ఎ2 మనిషి కణం మీద రెండున్నర లక్షల చిల్లర. చక్కెర తగిలించే ఎంజైమ్ వాళ్లలో బలహీనం. పలుచటి ఉలవ రసానికి ఆ రెండున్నర లక్షలు చాలవు.

ఇంతవరకూ విని మా మనవరాలు ఒక మాట అడిగింది. ఆ మాటకు నేను ఆమెను దగ్గరికి తీసుకున్నాను. "అమ్మమ్మా, ఉలవ రసం కణం లోపలికి పోలేదు కదా. బయట చక్కెర ఉందని తేలింది. లోపల లేదని ఎట్లా తేలింది?"

సరిగ్గా ఈ ప్రశ్నకే 1970ల మొదట్లో గార్త్ నికోల్సన్, జొనాథన్ సింగర్ జవాబు వెతికారు. ఎర్ర కణాన్ని ఉబ్బించి పగలగొడితే హీమోగ్లోబిన్ కారిపోయి ఖాళీ తిత్తి మిగులుతుంది. దాన్ని పలుచగా పరిస్తే లోపలి ముఖం, బయటి ముఖం రెండూ అందుబాటులోకి వస్తాయి. విత్తనం నుంచి తీసిన లెక్టిన్‌కు ఫెరిటిన్ అనే ప్రోటీన్‌ను జతచేశారు. ఫెరిటిన్ కడుపు నిండా ఇనుమే కాబట్టి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో నల్లటి చుక్కలా కనబడుతుంది. చుక్కలన్నీ బయటి ముఖం మీదే పడ్డాయి. లోపలి ముఖం శుభ్రంగా ఉంది. 1972లో వాళ్లిద్దరూ కలిసి ప్రకటించిన ద్రవ మొజాయిక్ నమూనానే మా పిల్ల పరీక్షలో వేసిన బొమ్మ. ఆ బొమ్మ వెనక గింజల రసం ఉందన్న సంగతి పాఠంలో ఒక్క వాక్యంగా రాసినా పిల్లలు దాన్ని ఇంకోలా చూసేవాళ్లు అనిపిస్తుంది.

మరి ప్రోటీన్ సంగతి? చక్కెర బయటే ఉంటే ప్రోటీన్ కూడా బయటే అతుక్కుని ఉందా, లేక పొరను దాటి లోపలికి దిగిందా? 1971లో కేంబ్రిడ్జ్‌లో మార్క్ బ్రెట్షర్ పొరను దాటలేని ఒక రేడియోధార్మిక రసాయనంతో దీన్ని పరీక్షించారు. కణం చెక్కుచెదరకుండా ఉన్నప్పుడు ఆ గుర్తు ప్రోటీన్‌లో కొన్ని భాగాలకే అంటింది. కణాన్ని పగలగొట్టి చేస్తే అదే ప్రోటీన్‌లో ఇంకొన్ని కొత్త భాగాలకూ అంటింది. అంటే ఆ భాగాలు అంతవరకూ లోపల దాగి ఉన్నాయన్నమాట. ప్రోటీన్ పొరను దాటి అటూ ఇటూ నిలబడి ఉంది.

ఆ ప్రోటీన్ పేరు గ్లైకోఫోరిన్-ఎ. దాన్ని గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, ఎందుకంటే పొరలో గ్లైకోప్రోటీన్ ఎలా నిలుస్తుందో ఇంతకంటే స్పష్టంగా చూపేది నాకు తెలియదు. మొత్తం 131 అమైనో ఆమ్లాల దండ. మొదటి 70 పైచిలుకు బయట ఉంటాయి. తర్వాత 20 చిల్లర, నూనె గుణం ఉన్నవి, మరమేకులా చుట్టుకుని పొర మధ్యలో దిగుతాయి. మిగిలినవి కణం లోపల వేలాడతాయి. బయటి ఆ 70 అమైనో ఆమ్లాల మీద 16 చక్కెర గొలుసులు ఉంటాయి. లోపలి భాగం మీద సున్నా. మొత్తం అణువు బరువులో సుమారు 60 శాతం చక్కెరే. మా పిల్ల బొమ్మలో బంగాళాదుంప పెద్దది, కొమ్మ చిన్నది. గ్లైకోఫోరిన్‌ను నిజంగా గీయాలంటే సన్నటి కాండం మీద గుబురుగా కొమ్మలు వేయాలి. ప్రోటీన్ కనిపించనే కూడదు.

ఆ కొమ్మల కొసల్లో సియాలిక్ ఆమ్లం ఉంటుంది. దానికి రుణావేశం. లక్షల కొసలు, అన్నీ రుణావేశాలే. అందుకే ఎర్ర కణాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ రక్తంలో విడివిడిగా తిరుగుతాయి. రక్తనిధిలో పనిచేసేవాళ్లకు ఈ తోపుడు రోజూ ఎదురయ్యే చిక్కు. ఎ, బి గ్రూపుల యాంటీబాడీలు ఎక్కువగా ఐజీఎం రకం. అవి పెద్దవి, పది చేతులవి. ఆ దూరాన్ని దాటి రెండు కణాలను కలిపి పట్టుకోగలవు. పాజిటివ్, నెగటివ్ అని చెప్పే ఆర్‌హెచ్ గ్రూపు యాంటీబాడీలు ఐజీజీ రకం. చేతులు రెండే, అవీ పొట్టివి. సెలైన్‌లో కణానికి అంటుకుని ఊరుకుంటాయి, గడ్డ కట్టించలేవు. కంటికి ఏమీ కనబడదు. ఏమీ లేదనుకుని ఆ రక్తం ఎక్కిస్తే ప్రమాదం. అందుకే అలా అంటుకుని ఊరుకున్న యాంటీబాడీలను పట్టిచ్చే, 1945లో వచ్చిన కూంబ్స్ పరీక్షను మేం దైవకార్యంలా చేసేవాళ్లం.

ఇంకో దారి పాపైన్. పచ్చి బొప్పాయి పాలలో ఉండే ఎంజైమ్. మటన్ మెత్తగా ఉడకాలని మనం మసాలాలో పచ్చి బొప్పాయి ముక్క నూరి కలిపేది దానికోసమే. అదే పాపైన్‌ను కొలత ప్రకారం ఎర్ర కణాల మీద వేస్తే గ్లైకోఫోరిన్ కొమ్మలను మొదలంటా కత్తిరించేస్తుంది. కణాల మధ్య తోపుడు తగ్గుతుంది, దగ్గరికొస్తాయి. ఆర్‌హెచ్-డి ప్రోటీన్‌కు చక్కెర కొమ్మలే లేవు. గుబురు చెట్ల నడుమ పొట్టి మొక్కలా పొరకు అంటుకుని ఉంటుంది. చెట్లు కొట్టేశాక దాన్ని యాంటీబాడీలు సులువుగా అందుకుంటాయి. కానీ ఎం, ఎన్ అనే గ్రూపులు ఆ కొట్టేసిన కొమ్మల చివర, గ్లైకోఫోరిన్-ఎ మొదటి, అయిదో అమైనో ఆమ్లాల తేడాలో ఉంటాయి. పాపైన్ వేసిన కణాల్లో అవి మాయమవుతాయి. ఒకటి స్పష్టంగా చూడాలంటే ఇంకోటి పోగొట్టుకోవాలి. నేను చేరిన కొత్తలో ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఒక రోజంతా ఎం కోసం వెతికి, సాయంత్రానికి పాపైన్ సీసా చూసి అర్థం చేసుకున్నాను. ఇప్పుడు నా దగ్గరికి ఎవరు నేర్చుకోవడానికి వచ్చినా మొదట చెప్పేది ఇదే.

ఇక మొదటి ఆదివారం నుంచి మిగిలిపోయిన ప్రశ్న. కుచ్చులను పైకే లాగాలని కణానికి ఎవరు చెప్పారు?

దీనికి ఒక దిండు గలీబు తెప్పించాను. ఆమె బొట్టుబిళ్లల అట్ట కూడా. ప్రోటీన్ తయారవుతుండగానే దాని దారం కొస అంతర్జీవద్రవ్య జాలకం అనే సంచి పొరలోంచి లోపలికి దూరుతుంది. చక్కెర తగిలించే ఎంజైములు ఆ సంచి లోపలే పనిచేస్తాయి. అక్కడ 14 చక్కెరల గుత్తి ఒకటి ముందే సిద్ధంగా ఉంటుంది. రెండు ఎన్-అసిటైల్ గ్లూకోజమీన్లు, తొమ్మిది మానోజ్‌లు, మూడు గ్లూకోజ్‌లు. ఆ గుత్తిని ఒక్కసారిగా ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లానికి తగిలిస్తారు. తర్వాత గాల్జీ సంచుల్లో దాన్ని కత్తిరించి కొత్త చక్కెరలు అతుకుతారు. సెరీన్, త్రియోనీన్‌ల మీద ఒక్కొక్కటిగా పేర్చే గొలుసులు కూడా అక్కడే. గ్లైకోఫోరిన్-ఎ మీది 16లో 15 ఈ రెండో రకం. ఇదంతా సంచి లోపలి ముఖం మీదే జరుగుతుంది. దారంలో బయట మిగిలిన భాగాన్ని ఆ ఎంజైములు చేరలేవు.

గలీబు లోపలి గుడ్డ మీద ఆమె చేత బొట్టుబిళ్లలు అంటింపజేశాను. "ఇప్పుడు ఈ గలీబు మూతి కణత్వచంతో కలిసి, దానిలో భాగమై తెరుచుకుంటుంది. లోపలి గుడ్డను బయటికి తోసి చూడు" అన్నాను. చెయ్యి లోపల పెట్టి గలీబును తిరగేసింది. బొట్టుబిళ్లలన్నీ బయట. కాసేపు మాట్లాడలేదు. మళ్లీ లోపలికి తిరగేసి, మళ్లీ బయటికి తీసింది.

"అంటే సంచి లోపల అన్నది కణానికి ముందునుంచీ బయటేనా?" అంది.

అవును. జాలకం లోపలి చోటు, గాల్జీ లోపలి చోటు, కణం బయటి లోకం, ఈ మూడూ ఒకే వైపు. కణంలోని ద్రవ్యం ఎప్పుడూ రెండో వైపు. ప్రోటీన్ ఏ వైపు దూరిందో ఆ వైపే చక్కెర పడుతుంది. ఆ తర్వాత తారుమారు కాదు. ఎందుకంటే పొర మందం 5 నానోమీటర్లే అయినా, దాని మధ్య భాగం నూనె. నీటిని కోరే చక్కెర గుబురు ఆ నూనెలోంచి మునిగి అటువైపు తేలడం జరగని పని. ఎర్ర కణానికి ఇంకో విశేషం ఉంది. కేంద్రకం లేదు, జాలకం లేదు, గాల్జీ లేదు. ఎముక మజ్జలో ఉన్నప్పుడు దిద్దుకున్న ఆ కోటుతోనే సుమారు 120 రోజులు గడుపుతుంది.

కణం లోపల చక్కెర తగిలిన ప్రోటీన్లు అసలే ఉండవని మాత్రం నేను చెప్పను. 1984లో జెరాల్డ్ హార్ట్ బృందం చూపింది, ఒకే ఒక్క ఎన్-అసిటైల్ గ్లూకోజమీన్ తగిలించుకున్న ప్రోటీన్లు కణంలో ఉంటాయని. కానీ అవి ఒంటి చక్కెరలు. వేస్తూ తీస్తూ ఉంటారు. పొర మీద గుబురుగా నిలిచే గొలుసులతో వాటికి పోలిక లేదు. పరీక్ష బొమ్మలో కింద కొమ్మలు కొట్టేయడం న్యాయమే.

తివాచీ పోలిక ఒక చోట ఆగిపోతుంది. తివాచీ కుచ్చు ముడి వేసిన చోటే ఉంటుంది. పొరలో గ్లైకోప్రోటీన్లు పక్కలకు కదులుతాయి. 1970లో ఫ్రై, ఎడిడిన్ ఎలుక కణాన్నీ మనిషి కణాన్నీ సెండాయ్ వైరస్ సాయంతో కలిపేశారు. రెండింటి ప్రోటీన్లకు రెండు వేర్వేరు రంగుల గుర్తులు పెట్టి చూస్తే, మొదట సగం ఒక రంగు, సగం ఇంకో రంగు. 37 డిగ్రీల వద్ద 40 నిమిషాలకు రెండు రంగులూ కలిసిపోయాయి. చల్లగా ఉంచితే కలవలేదు. పొర నూనెలా పారుతుందనడానికి ఇంతకంటే ఏం కావాలి?

అయితే ఎర్ర కణంలో అన్నీ అలా స్వేచ్ఛగా తిరగవు. ఇక్కడ నాకు తామరాకు గుర్తుకొస్తుంది. నీటి మీద తేలుతుంది, గాలికి కొంచెం అటూ ఇటూ జరుగుతుంది, కానీ కాడ అడుగున బురదలో ఉంది కాబట్టి చెరువు దాటి పోదు. ఎర్ర కణం పొర కింద స్పెక్ట్రిన్ అనే పొడవాటి ప్రోటీన్ల వల ఉంటుంది. బ్యాండ్-3 అనే గ్లైకోప్రోటీన్‌లో కొంత భాగాన్ని ఆంకిరిన్ అనే ప్రోటీన్ ఆ వలకు కట్టి ఉంచుతుంది. గ్లైకోఫోరిన్-సి ఇంకోచోట కట్టు. ఈ కట్లు ఉండబట్టే 7, 8 మైక్రోమీటర్ల కణం తనకంటే సన్నటి కేశనాళికల్లోంచి నలిగి దూరి, మళ్లీ తన ఆకారానికి వస్తుంది. ఎ, బి చక్కెరల్లో ఎక్కువ భాగం ఉండేది కూడా ఈ బ్యాండ్-3 మీదే. పొరను అటూ ఇటూ ఎన్నోసార్లు దాటే పెద్ద ప్రోటీన్ అది. దానికి చక్కెర గొలుసు ఒక్కటే, కానీ పొడవైనది, కొమ్మలు చీలినది. గ్లైకోఫోరిన్‌కు పొట్టి గొలుసులు పదహారు. ఒకే పొరలో రెండు పద్ధతులు.

ఈ కొమ్మలను గుర్తుపట్టేది మేమొక్కరమే కాదు. ఏటూరునాగారం అడవి వైపు నుంచి వానాకాలంలో చలిజ్వరంతో వచ్చేవాళ్ల రక్తపు పూతల్లో మలేరియా ఉంగరాలు ఎన్ని చూశానో లెక్కలేదు. ఫాల్సిపారం మలేరియా పరాన్నజీవి ఎర్ర కణంలోకి చొరబడటానికి పట్టుకునే పిడుల్లో గ్లైకోఫోరిన్-ఎ మీది సియాలిక్ ఆమ్లం ఒకటి. 1897లో సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా జీవిని చూసినప్పుడు, అది మనిషి కణంలో ఏ తలుపు తడుతుందో ఎవరికీ తెలియదు. వైవాక్స్ రకం వేరే తలుపు తడుతుంది. డఫీ అనే గ్రూపు ప్రోటీన్ దానికి సాధారణంగా కావాలి. రక్షణకు నిలిచిన కొమ్మనే శత్రువు పిడిగా వాడుకోవడం చూస్తే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

నాలుగో ఆదివారం బొమ్మ మళ్లీ వేద్దామంది. ఈసారి కొలతతో. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఎర్ర కణం పొరలో ప్రోటీన్ సుమారు 52 శాతం, లిపిడ్ 40 శాతం అని ఉంది. సగానికి పైగా ప్రోటీన్ అయితే బొమ్మలో అంత ఖాళీ ఎందుకని ఆమెకే అనుమానం వచ్చింది. పాత క్యాలెండర్ కాగితం తిరగేసి పరిచాం. ఒక నానోమీటరుకు ఒక సెంటీమీటరు అనుకున్నాం. పొర మందం 5 సెంటీమీటర్లు. ఆ లెక్కన ఎర్ర కణం అడ్డం కొలత 75 మీటర్లు. మా వీధి మలుపు దాకా పోతుందని ఆమె కిటికీలోంచి చూసి చెప్పింది.

తర్వాత లెక్క ఆమే వేసింది. కణం పైవైశాల్యం సుమారు 140 చదరపు మైక్రోమీటర్లు. గ్లైకోఫోరిన్-ఎ ప్రతులు దాదాపు 10 లక్షలు. భాగిస్తే ఒక్కోదానికి 140 చదరపు నానోమీటర్ల చోటు. వర్గమూలం తీస్తే సుమారు 12. అంటే మా కాగితం మీద సగటున ప్రతి 12 సెంటీమీటర్లకు ఒక గ్లైకోఫోరిన్. బ్యాండ్-3 కూడా దాదాపు అంతే సంఖ్య, కాబట్టి వాటి మధ్యలో అది కూడా రావాలి. జంటలుగా, గుంపులుగా ఉంటాయి గనుక వరుస అంత తీరుగా ఉండదు, కానీ లెక్క అంతే. ఆమె స్కేలు పెట్టి గుర్తులు వేసి, ఒక్కో కాండం మీద 16 కొమ్మలు గీయడం మొదలుపెట్టింది. మూడో కాండం దగ్గరికి వచ్చేసరికి పై వైపంతా ఆకుపచ్చ పెన్సిల్‌తో నిండిపోయింది. లిపిడ్ తలలు వెతుక్కుంటే గాని కనబడటం లేదు.

కింది వైపు తెల్లగా ఉంది. అక్కడ కొమ్మలకు బదులు స్పెక్ట్రిన్ గీయాలంది. సాగదీస్తే అది 200 నానోమీటర్లు అన్నాను. మా కొలతలో రెండు మీటర్లు. ఆమె లేచి వెళ్లి బీరువా మీది నుంచి మిగిలిన క్యాలెండర్లు కూడా దించింది. జిగురు పట్టుకొచ్చి రెండో కాగితం అంచుకు పూయడం మొదలుపెట్టింది.